బెట్టకు వచ్చిన జొన్న మేసి గొర్రెలు చనిపోవడం: విషం మొక్కలో ఉందా, పొట్టలో పుడుతుందా?

కనిగిరి మెట్టరైతు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది కనిగిరికి పడమటి వైపున్న మెట్ట గ్రామం. మా మేనమామ గారికి నెల్లూరు జోడిపి గొర్రెల మంద ఉంది. తొలకరికి పచ్చిమేత కోసం వేసిన జొన్న మోకాలెత్తు ఎదిగాక వానలు మొహం చాటేయడంతో చేను బెట్టకు వచ్చి, ఆకులు చుట్టుకుపోయి, ఎదుగుదల నిలిచిపోయింది. ఒక మధ్యాహ్నం మంద కంపను తోసుకొని ఆ చేలో పడింది. కాపరి కేకలు వేసి బయటికి మళ్లించేలోపే ముందు నడిచిన గొర్రెలు ఆబగా మేశాయి. మంద చేను గట్టు దాటిందో లేదో, వాటిలో కొన్నింటికి ఎగశ్వాస పట్టింది. నోటి వెంట చొంగ కారింది, కాళ్లు తడబడ్డాయి, పడినవి పడినట్లే గిలగిల తన్నుకున్నాయి. కొన్ని చనిపోయాయి, కొన్ని పొద్దుగూకే వేళకు లేచి నిలబడ్డాయి, అదే చేలో మేసిన మరికొన్నింటికి అసలు ఏమీ కాలేదు.

మా వైపు దీనిని నాము అంటారు. అది జొన్న ఆకు మీద పడే ఒక పురుగు అని కొందరు, బెట్టలో మొక్కకు పుట్టే తెగులు అని కొందరు చెబుతున్నారు. నిరుడు అదే చేలో, అదే విత్తనంతో పండిన జొన్నను కోసి, ఎండబెట్టి, చొప్పను వామి వేసి వేసవి అంతా గేదెలకూ గొర్రెలకూ వేశాము. ఏ హానీ జరగలేదు. జొన్నరొట్టె మేమూ తింటూనే ఉన్నాము. అటువంటప్పుడు ఈ విషం మొక్కలో ఎప్పుడూ ఉండి బెట్టలో పెరుగుతుందా, లేక ఎండకు కొత్తగా పుడుతుందా? ఒకే చేలో మేసిన జీవాలలో కొన్నే ఎందుకు చనిపోయాయి? ఆ చేను గట్టున సుబాబుల్ వరుస, దాని అవతల సర్కారు తుమ్మ ఉన్నాయి. మంద వాటిని రోజూ మేస్తుంది. వాటిలోనూ ఇటువంటిది ఏదైనా ఉందేమోనని మామయ్య భయపడుతున్నారు. తెలిసినవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

పశువైద్యుడు, ఒంగోలు

మీరు రాసిన లక్షణాలను బట్టి ఇది సయనైడు విషం. పురుగూ కాదు, తెగులూ కాదు. చనిపోయిన జీవాన్ని వెంటనే కోసి చూసి ఉంటే రక్తం నిగనిగలాడే ఎరుపులో కనిపించేది. బతికి ఉన్నప్పుడు కూడా కనురెప్పల లోపలి పొర, చిగుళ్లు ఎర్రగానే ఉంటాయి. ఊపిరి అందక కొట్టుకున్న జీవానికి రక్తం నల్లబడాలి గదా అని చాలామంది అడుగుతారు. ఇక్కడ ఊపిరితిత్తులు చక్కగానే పనిచేస్తాయి, రక్తంలో ఆక్సిజన్ నిండుగానే ఉంటుంది. అయితే ఆ ఆక్సిజన్‌ను కణం వాడుకోవడానికి అవసరమైన సైటోక్రోమ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమును సయనైడు పట్టి ఆపివేస్తుంది. వాడకానికి నోచుకోని ఆక్సిజన్‌తోనే రక్తం సిరలలోకి తిరిగి వస్తుంది కాబట్టి అంత ఎర్రగా ఉంటుంది. మెదడు, గుండె ముందుగా దెబ్బతింటాయి.

కొన్నే ఎందుకు చనిపోయాయన్న ప్రశ్నకు జవాబు వేగంలో ఉంది. జంతువు కాలేయంలో రోడనేజ్ అనే ఎంజైము సయనైడుకు గంధకాన్ని జతచేసి, అంతగా హాని చేయని థయోసయనేటుగా మార్చి, మూత్రం ద్వారా బయటికి పంపిస్తుంది. కొద్దికొద్దిగా వచ్చే సయనైడును జీవం ఈ విధంగా భరించగలదు. కిలో శరీర బరువుకు సుమారు 2 మిల్లీగ్రాముల చొప్పున ఒక్క విడతలో లోపలికి చేరితే భరించలేదు. కిలో పచ్చిమేతలో 200 మిల్లీగ్రాములు దాటితే దానిని ప్రమాదకరమైన మేతగా లెక్కిస్తారు. ఆ లెక్కన 30 కిలోల గొర్రెకు 300 గ్రాముల ఆకు చాలు. ఆకలి మీద ఉన్న గొర్రెకు అది ఎంతసేపటి మేత? ముందు నడిచినవి గబగబా లేత ఆకులు తెంపుకొని ఉంటాయి, వెనుకవాటికి ముదురు ఆకులు, కాడలు దక్కి ఉంటాయి. సాయంత్రానికి లేచినవి ప్రాణాంతకమైన మోతాదుకు కాస్త లోపల ఆగినవి.

చికిత్స ఉంది, కానీ సమయం నిమిషాలలోనే ఉంటుంది. సోడియం నైట్రైట్, ఆ వెంటనే సోడియం థయోసల్ఫేట్ నరానికి ఎక్కిస్తాము. మొదటిది రక్తంలోని హిమోగ్లోబిన్‌లో కొంత భాగాన్ని మెథిమోగ్లోబిన్ అనే రూపానికి మారుస్తుంది, అది సయనైడును తనవైపు లాగుతుంది. రెండవది రోడనేజ్‌కు కావలసిన గంధకాన్ని ఇస్తుంది. 1962 నంబరుకు ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనాన్ని పిలవండి. నాము అనుమానం అన్న మాట ఫోన్‌లోనే చెప్పండి. తన్నుకుంటున్న జీవం నోట్లో మాత్రం ఏదీ పోయవద్దు. అది ఊపిరితిత్తులలోకి పోతే, విషం నుంచి బయటపడిన గొర్రె కూడా దానివల్ల చనిపోతుంది.

వృక్షశాస్త్ర అధ్యాపకుడు, కావలి

డాక్టరు గారు జంతువు వైపు నుంచి చెప్పారు. నేను మొక్క వైపు నుంచి చెబుతాను, ఎందుకంటే ప్రశ్న వేసినవారి అసలు సందేహం అక్కడ ఉంది.

ఖచ్చితంగా చెప్పాలంటే, చేలో నిలబడి ఉన్న జొన్న ఆకులో విడి సయనైడు దాదాపు ఉండదు. ఉంటే ముందుగా ఆ మొక్కే చస్తుంది, దానికీ శ్వాసక్రియ ఉంది గదా. ఆకులో ఉండేది ధురిన్ అనే పదార్థం. దీనిని 1902లో డన్‌స్టన్, హెన్రీ అనే బ్రిటిష్ రసాయన శాస్త్రవేత్తలు జొన్నలో కనుగొన్నారు. టైరోసిన్ అనే అమైనో ఆమ్లం నుంచి మొక్క దీనిని తయారుచేసి, ఒక గ్లూకోజ్ అణువును తగిలించి, ఆకు పైపొర కణాల రిక్తికలలో, అంటే కణం లోపలి ద్రవపు తిత్తులలో, దాచుకుంటుంది. గ్లూకోజ్ తగిలి ఉన్నంతసేపు అది నిరపాయమైనదే. ఆ గ్లూకోజ్‌ను కత్తిరించే ఎంజైము మాత్రం పైపొరలో ఉండదు. దాని కింది పత్రాంతర కణాలలో ఉంటుంది. అగ్గిపుల్ల ఒకచోట, గీసే పట్టీ మరొకచోట ఉన్నట్లు ఇవి రెండూ ఒకే ఆకులో వేరువేరు గదులలో ఉంటాయి. గొర్రె పళ్ల కింద ఆకు నలిగినప్పుడు గదుల గోడలు పగిలి రెండూ కలుస్తాయి, గ్లూకోజ్ ఊడిపోతుంది, మిగిలిన భాగం విడిపోయి హైడ్రోజన్ సయనైడు వాయువు వెలువడుతుంది. నమిలేవాడు లేకపోతే విషమే లేదు.

ఇక్కడ గొర్రె దురదృష్టం మరొకటి ఉంది. మొక్క ఎంజైము ఒకవేళ పూర్తిగా పనిచేయకపోయినా, నెమరు వేసే జంతువుల పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులకు సొంతంగా ధురిన్‌లోని గ్లూకోజ్‌ను ఊడదీసే శక్తి ఉంది. వాటికి కావలసింది ఆ చక్కెర. సయనైడు దాని వెంట వచ్చే మిగులు. గుర్రం, పంది వంటి జంతువుల జీర్ణాశయంలో మేత మొదట ఆమ్లంలో పడుతుంది కాబట్టి ఈ పని అంత చురుకుగా సాగదు. అందువల్లనే ఒకే మేతకు ఆవు, గేదె, గొర్రె ఎక్కువగా లోబడతాయి.

బెట్ట సంగతికి వస్తాను. ధురిన్ కొత్తగా మొలిచిన మొక్కలో, లేత ఆకులో అత్యధికంగా ఉంటుంది. మొక్క ఎదిగేకొద్దీ కాడ, ముదురు ఆకు పెరిగి దాని సాంద్రత పలచబడుతుంది. గింజకట్టే నాటికి మేతకు భయం చాలావరకు పోతుంది. నీరు లేక ఎదుగుదల నిలిచిపోతే ఈ పలచబడడం ఆగిపోతుంది. పైగా ధురిన్ అణువులో నత్రజని ఉంది. మొక్క దానిని విషంగా మాత్రమే గాక నత్రజని నిల్వగా కూడా వాడుకుంటుంది, అవసరమైనప్పుడు సయనైడు బయటికి రాకుండానే దానిని విడగొట్టి నత్రజనిని తిరిగి తీసుకునే దారి కూడా దానికి ఉంది. ఎదగడానికి వీలులేని మొక్కకు నత్రజని ఖర్చు లేదు, కాబట్టి నిల్వ పెరుగుతుంది. కోసిన దుబ్బుల నుంచి వచ్చే పిలకలదీ ఇదే కథ: వేరు పాతది, ఆకు మాత్రం పసిది. మీ పెద్దలు ఈ పిలకల మేతను ప్రత్యేకంగా నాము అని ఎంచి పశువులను దూరంగా ఉంచేవారు. వారి జాగ్రత్తలో తప్పు లేదు, పురుగు అన్న కారణమే సరైనది కాదు.

జొన్నరొట్టె గురించి భయం అక్కరలేదు. పండిన గింజలో ధురిన్ దాదాపు లేదు. నీళ్లలో నాని మొలక వచ్చాకనే ఆ మొలకలో తయారవుతుంది; అందుకే మొలకెత్తిన జొన్నలను శనగల మాదిరిగా పచ్చిగా తినడం మంచి అలవాటు కాదు.

ఉదయగిరి మందకాపరి

అధ్యాపకులకు, డాక్టరు గారికి నమస్కారం. మా కుటుంబం తరతరాలుగా గొర్రెలను కాచే కుటుంబం. ఉదయగిరి కొండల కింద వానలు తగ్గినప్పుడు మందను నెల్లూరు మాగాణి వైపు తోలుకుపోయి, వరి కోసిన పొలాల్లో మంద కట్టడం మాకు మామూలు. పుస్తకం చదవని మాకు నాము గురించి రెండు సంగతులు తెలుసు. ఉదయాన్నే ఖాళీ కడుపుతో ఉన్న మందను ఏ జొన్న చేను వైపూ తోలకూడదు. ఏదైనా ఎండుగడ్డి తిన్న తరువాతనే అటు పోవాలి. రెండవది, వాడిన జొన్నకు తడి తగిలి కొత్తాకు వేసిన మొదటి రోజులే అన్నింటికన్నా చెడ్డవి. చేను పచ్చగా కళ్లకు ఇంపుగా కనిపిస్తుంది, కొత్త కాపరి మోసపోతాడు.

సర్కారు తుమ్మ విషయంలో మీ మామయ్య గారు అనవసరంగా భయపడుతున్నారని నా అభిప్రాయం, కానీ పూర్తిగా కొట్టివేయను. మీరు ఒకసారి ఆ చెట్టు దగ్గర నిలబడి మందను గమనించండి. ఆకుకు మూతి పెట్టి, వాసన చూసి, వదిలేస్తుంది. ఎంతటి కరువులోనైనా గొర్రె ఆ పచ్చి ఆకును కడుపునిండా తినదు. చెట్టు కింద రాలిన పసుపుపచ్చ కాయను మాత్రం పోటీపడి ఏరుకుంటుంది, ఎందుకంటే కాయ గుజ్జు తీపి. గుజ్జు అరిగిపోతుంది, గట్టి విత్తనం అరగక పెంటికలతో బయటికి వస్తుంది. మా పాత దొడ్డి ఉన్న జాగాలన్నీ ఈనాడు సర్కారు తుమ్మ అడవులే. చెట్టు ఆకును కాపాడుకొని కాయను మనకు ఎర వేసినట్లు నాకు అనిపిస్తుంది. నిజమో కాదో చదువుకున్నవారు చెప్పాలి.

సుబాబుల్ మేత మా మందకు ఎన్నడూ చెడు చేయలేదు. అయితే బండి గుర్రానికి అదే పనిగా వేస్తే జూలు ఊడిపోయిందని మా తాత చెప్పేవారు. గొర్రెకు లేనిది గుర్రానికి ఎందుకు వచ్చింది?

వృక్షశాస్త్ర అధ్యాపకుడు, కావలి

కాపరి గారు అడిగిన చివరి ప్రశ్న ఈ చర్చలో అన్నింటికన్నా విలువైనది అనుకుంటున్నాను, దానికి కాస్త ఎక్కువ చోటు తీసుకుంటాను.

సుబాబుల్ ఆకులో మిమోసిన్ అనే అమైనో ఆమ్లం ఉంది. అది మాంసకృత్తులు కట్టడానికి పనికివచ్చేది కాదు. ఎండు ఆకు బరువులో అది సాధారణంగా 2 నుంచి 5 శాతం వరకు ఉంటుంది, లేత చిగురులో ఇంకా ఎక్కువ. వేగంగా విభజన చెందే కణాలను అది ఆపుతుంది. వెంట్రుక కుదురులోని కణాలు అటువంటివే. అందుకే గుర్రానికి జూలు, కుందేలుకు బొచ్చు ఊడతాయి. గొర్రెకు కూడా దానిని ఒక్కసారిగా పెద్ద మోతాదులో ఇస్తే ఉన్ని కుదుళ్లతో ఊడివస్తుంది. ఉన్ని కత్తిరించే శ్రమ తప్పించడానికి దీనిని వాడవచ్చునేమోనని ఆస్ట్రేలియాలో ప్రయోగాలు కూడా చేశారు.

గొర్రె పెద్ద పొట్టలో మిమోసిన్ నిలవదు. అక్కడ అది డీహెచ్‌పీ అనే మరొక పదార్థంగా మారుతుంది. వెంట్రుకల గండం అంతటితో తప్పుతుంది గానీ, ఈ కొత్త పదార్థం థైరాయిడ్ గ్రంథిని దెబ్బతీసి గొంతు వాపును, ఎదుగుదల లోపాన్ని తెస్తుంది. ఆస్ట్రేలియాలో సుబాబుల్ మేసిన పశువులు ఈ విధంగా చిక్కిపోతుండగా, హవాయి దీవులలో మేకలు అదే ఆకును ప్రధాన మేతగా తిని ఆరోగ్యంగా ఉన్నాయని రేమండ్ జోన్స్ అనే శాస్త్రవేత్త గమనించారు. తేడా మేకలో గాక మేక పొట్టలోని సూక్ష్మజీవులలో ఉండవచ్చునని ఊహించి, 1980ల తొలి సంవత్సరాలలో హవాయి మేకల పొట్టలోని సూక్ష్మజీవులను ఆస్ట్రేలియా పశువులకు ఎక్కించారు. ఆ పశువులు అప్పటి నుంచి డీహెచ్‌పీని విడగొట్టగలిగాయి. ఆ పని చేసే బాక్టీరియాకు 1992లో జోన్స్ పేరు మీదుగానే సినర్జిస్టెస్ జోన్సియై అని పేరు పెట్టారు.

కనుక మీ మేనమామ గారి గొర్రె పొట్టను ఒకసారి తలచుకోండి. అందులోని సూక్ష్మజీవులు జొన్న ఆకులోని నిరపాయమైన ధురిన్ నుంచి సయనైడును విడిపిస్తున్నాయి. ఆ పొట్టలోనే ఉండగల మరొక రకం, సుబాబుల్ ఆకు తెచ్చిన హానిని పోగొట్టగలదు. అవి గొర్రె మేలు కోసమో కీడు కోసమో పనిచేయడం లేదు, వాటి ఆహారం అవి చూసుకుంటున్నాయి. ఏ మొక్క విషమైనదని అడిగితే, ఏ పొట్టలో అని తిరిగి అడగవలసి వస్తుంది. ఏదేమైనా సుబాబుల్‌ను మొత్తం మేతలో మూడోవంతు దాటనీయకుండా ఉంచడం మంచిది.

సర్కారు తుమ్మ గురించి కాపరి గారి పరిశీలన సరైనదే. ఆకులో చేదు ఆల్కలాయిడ్లు, టానిన్లు ఉన్నాయి. గట్టి విత్తనపు పెంకు పశువు పొట్టలో మెత్తబడి మొలక సులభమవుతుంది. ఒక్క హెచ్చరిక: కాయలను మాత్రమే నెలల తరబడి మేపిన పశువులలో దవడ కండరాలను నడిపే నరాలు దెబ్బతిని, నమలలేక తల ఒక పక్కకు వాల్చే జబ్బు బ్రెజిల్‌లో బాగా తెలిసినదే. ఇతర మేతతో కలిపి కాయ తినే మందకు అటువంటి ప్రమాదం తక్కువ.

కనిగిరి మెట్టరైతు

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. మిగిలిన ఆ చేనును ఏం చేయమంటారు? దున్నివేయడానికి మామయ్యకు మనసు ఒప్పడం లేదు. యూరియా వేసి తడి పెడితే మొక్క త్వరగా ఎదిగి విషం తగ్గుతుందని ఒకరు చెప్పారు. మరొక సందేహం అధ్యాపకులకు: మనిషి ఇన్ని కొత్త వంగడాలను తయారుచేశాడు గదా, ధురిన్ లేని జొన్నను ఎందుకు తయారుచేయలేదు?

పశువైద్యుడు, ఒంగోలు

యూరియా వద్దు. బెట్ట మీద ఉన్న జొన్నకు నత్రజని ఇస్తే మొదట పెరిగేది ధురిన్. దానితోపాటు మరొక చిక్కు ఉంది: అటువంటి జొన్న కాడలో నైట్రేటు కూడా పేరుకుంటుంది. పొట్టలో అది నైట్రైట్‌గా మారి రక్తాన్ని పాడుచేస్తుంది, ఎగశ్వాస, తూలడం నాములాగే కనిపిస్తాయి. తేడా రక్తం రంగులో తెలుస్తుంది. నైట్రేటు విషంలో రక్తం ముదురు గోధుమ రంగుకు, చాక్లెట్ రంగుకు మారుతుంది. ఈ తేడా మాకు చాలా ముఖ్యం, ఎందుకంటే సయనైడుకు మందుగా ఇచ్చే సోడియం నైట్రైట్ నైట్రేటు విషం తగిలిన జీవానికి ఇస్తే దానిని మేమే చంపినట్లవుతుంది. అందుకని మేము వచ్చేలోపు కనురెప్ప తిప్పి లోపలి రంగు చూసి ఉంచండి.

వీలుంటే ఒకటి రెండు తడులు ఇచ్చి, చేనును పూత వరకు రానిచ్చి కోయండి. నీరు లేకపోతే ఇప్పుడే కోసి, పలచగా పరిచి, గలగలలాడేంతగా ఎండనివ్వండి. సయనైడు గాలిలో కలిసి పోతుంది. నిరుడు మీ చొప్ప హాని చేయకపోవడానికి కారణం ఇదే: ముదిరాక కోశారు, బాగా ఎండబెట్టారు. సగం వాడిన మేత మాత్రం పచ్చిమేతంత ప్రమాదకరమైనదే. నైట్రేటు ఎండినా పోదు కాబట్టి, కాడ అడుగు భాగాన్ని జానెడు వదిలి పైన కోయండి, మొదట్లో ఇతర గడ్డితో కలిపి కొద్దిగా వేయండి. పాతర వేసినా రెండూ కొంత తగ్గుతాయి. గొర్రెలు ఆవులకన్నా కాస్త తట్టుకుంటాయి, కానీ ఆ నమ్మకంతో మందను వదలవద్దు.

అనుమానంగా ఉన్న మేతను పరీక్షించడానికి పిక్రేటు కాగితం పరీక్ష ఉంది. నలిపిన ఆకును సీసాలో వేసి, సోడియం పిక్రేటులో తడిపిన పసుపు కాగితాన్ని ఆకుకు తగలకుండా పైన వేలాడదీసి మూత పెడితే, సయనైడు ఉన్నప్పుడు కాగితం ఇటుక రంగుకు తిరుగుతుంది. ఈ కాగితానికి వాడే పిక్రిక్ ఆమ్లం ఎండితే పేలే గుణం ఉన్నది, ఇంట్లో పెట్టుకోదగినది కాదు. ఆకును కవరులో పశువైద్యశాలకు తీసుకురండి.

వృక్షశాస్త్ర అధ్యాపకుడు, కావలి

ధురిన్ లేని జొన్నను తయారుచేశారు. ఆస్ట్రేలియా, డెన్మార్క్ శాస్త్రవేత్తలు విత్తనాలకు రసాయనంతో ఉత్పరివర్తనాలు (జన్యువులలో మార్పులు) కలిగించి, వేల మొక్కలను వడపోసి, సయనైడు బొత్తిగా పుట్టని జొన్నను 2012లో ప్రకటించారు. ఆ మొక్కలు చిన్నప్పుడు కాస్త నెమ్మదిగా ఎదిగాయి గానీ బతికాయి. అంటే జొన్న బతకడానికి ధురిన్ తప్పనిసరి కాదు.

దాని ఉపయోగం ఏమిటో తెలియజేసే ప్రయోగం 2001లో దీనికి తలకిందులుగా జరిగింది. కోపెన్‌హేగెన్ శాస్త్రవేత్తలు జొన్నలో ధురిన్ తయారుచేసే మూడు జన్యువులను ఆవాల కుటుంబానికి చెందిన అరాబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో పెట్టారు. ఆ కుటుంబపు మొక్కలను తిని బతికే ఒక జాతి పెంకుపురుగు ఈ కొత్త మొక్కలను చాలావరకు వదిలివేసింది. సయనైడు కొత్త అయిన పురుగుకు అది గట్టి అడ్డమే. అలవాటుపడిన పురుగు కథ వేరు. మన జొన్నను పట్టే మొవ్వు ఈగ ఎప్పుడు పడుతుందో మీకు తెలుసు: మొలిచిన మొదటి మూడు నాలుగు వారాలలో, ధురిన్ నిండుగా ఉన్నప్పుడే. ఆ పురుగు మొవ్వులో కూర్చొని తింటుంది, దానికి నాము తగలదు.

గింజ కోసం వేసే జొన్నకు ధురిన్ లేని వంగడం అవసరమే లేదు, గింజలో అది ఎలాగూ ఉండదు. మేత జొన్నలో ఆ అవసరం ఉంది. పచ్చిమేతగా పలుమార్లు కోసుకునే సూడాన్ గడ్డి రకాలలో ధురిన్ గింజ జొన్నకన్నా సహజంగానే తక్కువ. వచ్చే తొలకరికి మీ మామయ్య గారు ఆ విత్తనం వేసుకోవచ్చు. మొదటి కోత మాత్రం విత్తిన 50 రోజుల లోపు చేయవద్దని చెప్పండి.